పప్పుమిల్లు వాకిట్ల నేర్చిన వేగం

దేవుడు వేళ్లు పంచిననాడు నేను పొరపాటున అరటిపండ్ల లైన్ల నిలబడ్డట్టున్న. నా వేలికి ఉంగరం ఎక్కదు, ఎక్కితె దిగదు. గీసుంటి వేళ్లతోటి బేస్ గిటార్ వాయిస్తనంటె వికారాబాద్ స్టేషన్ ముంగట చాయ తాగేటోళ్లు నవ్వి నవ్వి చాయ ఒలకబోసుకున్నరు. ఒలికినదానికి నాది జిమ్మేదారి కాదని అప్పుడే చెప్పిన.

అరవైల నడిమి మాట. నేను స్టేషన్ దగ్గర మైకు సెట్టు దుకాణంల పనిచేస్తుంటి. పెండ్లిళ్లకు, సభలకు సౌండు పెంచే మిషను మోసుకపోవుడు, గుంజలకు మైకు బూరలు కట్టుడు, పక్కన కూసుని సౌండు గుండీ తిప్పుడు. చదువు మూడో తరగతి కాడనే ఆగింది. పోలీస్ యాక్షన్ కాకముందు, నిజాం కాలంల, ఉర్దూల దిద్దిన. అయినంక మళ్ల మొదటినుంచి తెలుగుల దిద్దుమన్నరు. ఒకటే పలక మీద రెండుసార్లు ఓడిపోవుడు ఎందుకని ఇంటికి వచ్చిన.

గూడ్సు ఆఫీసు క్లర్కు సాబ్ ఒకాయన చిన్న ఆర్కెస్ట్రా నడుపుతుండె. దేశం విడిచిపోతున్న ఒక ఇంజన్ డ్రైవరు ఆయన చేతిల పెట్టిపోయిందే ఆ బేస్ గిటార్. నాలుగే తీగలు, ఒక్కొక్కటి బావితాడు లెక్క మందం. దాన్ని వాయించేటాయనకు వాడి జంక్షన్‌కు బదిలీ అయింది. గిటార్ గోడకు ఆనుకుని కూసుంది. మైకు సెట్టుతోటి నేను ఎట్లైన వాళ్ల వెంట పోయేటోన్నే.

"నేను వాయిస్త సాబ్," అన్న.

సాబ్ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసిండు, పశువుల సంతల ఎద్దు పండ్లు చూసినట్టు. "మూడు తరగతులు చదివినోనికి నాలుగు తీగలు ఎక్కువైతయ్‌రా."

ఆ మాట నా కడుపుల కూసుంది. నవ్విన గని, గిటార్ మాత్రం చంకల పెట్టుకునే నవ్విన.

మెల్లగ నడిచే పాటలు నెలరోజులల్ల పట్టుకున్న. మంచిగ వినే చెవి ఉండె. కథ అడ్డం తిరిగింది ఉరుకుడు పాట కాడ. పెండ్లికొడుకు గుర్రం దిగేటప్పుడు వాయించేది. నేను ఒక్క చూపుడువేలితోటి గుంజుతుంటి.

"ఒంటికాలు మీద కుంటుకుంట ఎంత దూరం ఉరుకుతవ్‌రా? రెండు వేళ్లు ఆడించు. ఒకటి తర్వాత ఒకటి, నడిచినట్టు," అన్నడు సాబ్.

రెండు వేళ్లు పెట్టిన. నడిమివేలు పహిల్వాన్, చూపుడువేలు ముసలోడు. ఒక దెబ్బ ధన్, ఒక దెబ్బ కిస్. ముసలోన్ని గూడ పహిల్వాన్ చేద్దామని ఇంకా గట్టిగ గుంజిన. బొబ్బలు లేసినయ్. వేళ్ల కొసలకు అమ్మ చలువకని మైదాకు పెట్టింది, ఎర్రగ పండింది. తెల్లారి దుకాణంకాడ ఒకటే లొల్లి: "ఏమే పెండ్లిపిల్లా, అప్పగింతలు ఎప్పుడే?"

"పిలగాడు దొరకాలె గద. మీ మొఖాలు చూసే ఒద్దంటున్న," అన్న.

గప్పుడే తాండూరుల ఒక సేటు కొడుకు పెండ్లికి వాయించుడు ఒప్పుకున్నడు సాబ్. "ఉరుకుడు పాటకు సికింద్రాబాద్‌నుంచి మనిషిని పిలుస్తున్న. ఆయనకు నచ్చితె ఇగ ఆయనే ఉంటడు. నువ్వు బూరలు కట్టుకో," అన్నడు. నాకున్నది వారం. ఆ వారంల వేళ్లు ఉరుకకుంటె బతుకంత గుంజలెక్కుడే.

తాండూరుల మా అక్క ఉంటది, ఆ సేటు పప్పుమిల్లులనే పని. దుకాణంల సెలవు చెప్పి, పెండ్లికాడికి నేనే మోసుకొస్తనని సాబ్‌కు చెప్పి, గిటార్‌ను దుప్పట్ల చుట్టి ప్యాసింజర్ ఎక్కిన. పక్కన కూసున్న పెద్దమనిషి జరిగి జరిగి కిటికీకి అతుక్కున్నడు. "ఎవరిది నాయనా, శవం?"

"శవం కాదు తాతా. ఇంకా పానం రాలే, గంతే."

మిల్లు వాకిట్ల ఆడోళ్లు వరుసగ చేటలు ముంగటేసుకుని కందిపప్పుల రాళ్లు ఏరుతున్నరు. నేను సంచి మీద కూసుని, మిషను లేకుండనే తీగలు గుంజుడు మొదలుపెట్టిన. జర సేపు చూసి అక్క అడిగింది: "ఏం తమ్మీ, పల్లిచెట్లు పీకుతున్నవా?"

ఆడోళ్లంత పక్కున నవ్విండ్రు. "మీ ఏరుడు ఏపాటిదో చూద్దాం," అని అక్క చెయ్యి దిక్కు చూసిన. చూసి తీగలు గుంజుడు ఆపిన.

ఆమె వేళ్లు లేస్తలేవు. చూపుడువేలు ఒక రాయిని తనదిక్కు జరుపుతుంటె, నడిమివేలు అప్పటికే ఇంకో రాయి మీద కూసుని ఉంది. అది జరిపేలోపల ఇది కూసుంటది. పప్పు కదిలిన చప్పుడు తప్ప ఏం లేదు. మొఖం మాత్రం పక్కామెతోటి ముచ్చట్లల్ల ఉంది.

"గట్టిగ ఒత్తవా అక్క?"

"గట్టిగ ఒత్తితె పప్పు చెదురుతది. ఏలు లేపుకుంట ఏరితె పొద్దు గూకుతది. గిండ్ల ఏముందిరా?"

గిండ్ల అంతా ఉంది. పదేండ్లనుంచి గుండీ తిప్పి సౌండు పెంచుడే నా పని. మెల్లగ మాట్లాడే లీడర్ల గొంతు ఊరంత వినిపించిన. అసుంటోన్ని, మిషను చేసే పనిని వేళ్లతోటి చెయ్యబోయి బొబ్బలు తెచ్చుకున్న! ఏలు తాకితె చాలు. పెద్దగ చేసుడు మిషను చూసుకుంటది.

ఆ వారం నేను ఆడోళ్ల వరుసల చివరోన్ని. అక్క ఏరుడుకు సరిగ్గ ఏలు కలిపిన. మొదలు మస్తు మెల్లగ. తీగను మీటిన ఏలు గాలిల లేవకుండ పక్క తీగ మీదనే ఆనాలె, లేస్తె మళ్ల మొదటికి. నాలుగోనాడు ముసలోడు పహిల్వాన్‌తోటి సమానం నడిచిండు. ఆరోనాడు వాళ్లిద్దరు ఉరుకుతుంటె నేను పక్కామెతోటి ముచ్చట పెట్టిన.

పెండ్లినాడు ఆర్కెస్ట్రా, మా దుకాణం మిషను వచ్చినయ్. వెంట సికింద్రాబాదాయన దిగిండు, ఇస్త్రీ ప్యాంటు, నున్నగ దువ్విన తల. సాబ్ గిటార్ కోసం చెయ్యి చాపిండు.

"ఇయ్య," అన్న.

"ఏమన్నవ్‌రా?"

"ఉరుకుడు పాట నేనే వాయిస్త. గిటార్ మీది, మిషను మాది. నేను లేస్తె మిషను గూడ లేస్తది సాబ్."

ఊరేగింపు సందు తిరిగింది. లొల్లి పెట్టుకునే టైము లేదు. "ఒక్క తప్పు పోనియ్, ఇగ దాన్ని ముట్టనియ్య," అని పండ్లు కొరికిండు సాబ్.

నాపరాళ్ల అరుగు మీద కూసున్నం. సాబ్ బోంగో మొదలుపెట్టిండు. నా వేళ్లు తీగల మీద కూసున్నయ్, లేవలే. మొదటి చుట్టు అయింది. సాబ్ నా దిక్కు చూడకుండనే పాట వేగం పెంచిండు. కావాలనే పెంచిండు, నాకెర్కే. నేను ఇంకా మెత్తగ తాకిన, ఇంకా తొందరగ తాకిన. మళ్ల పెంచిండు. క్లారినెట్ ఆయనకు ఊపిరి ఆడలే, నా దిక్కు గుడ్లురిమిండు, నేనే పెంచుతున్ననని. ఒక్కకాడ చూపుడువేలే రెండుసార్లు పడింది. నడిమివేలు వెనక నుంచి వచ్చి పట్టుకుంది. పెండ్లికొడుకు గుర్రం దిగిండు. పాట అయిపోయింది.

సికింద్రాబాదాయన వంగి నా వేళ్లు చూసిండు. "ఉస్తాద్ ఎవరు?"

"పప్పుమిల్లుల పనిచేస్తది."

సాబ్ శాబాష్ అనలే. గిటార్ తీగలు తుడుచుకుంట, "వచ్చే వారం పరిగిల పెండ్లి ఉంది. జర మంచి అంగి తొడుక్కునిరా," అన్నడు. గిటార్ నా ఒళ్లెనే ఇడిసి లేసిపోయిండు.

గేటుకాడ మిల్లు ఆడోళ్లతోటి నిలబడి ఉంది అక్క. ఛాతి విరుచుకుని పోయిన. "చూసినవా? మూడో తరగతిల బడి ఇడిసిపెట్టినోడు సికింద్రాబాదోన్ని కూసోబెట్టిండు! గీ ఊర్ల చదువుకున్నోడు ఒక్కడు జేస్తడా?"

అక్క కొంగుతోటి నా మొఖం మీది చెమట తుడిసింది. "ఇడిసిపెట్టిన, ఇడిసిపెట్టిన అని ఎంత గొప్ప చెప్తవ్ తమ్మీ? ఇడిసిపెట్టెటందుకన్న నిన్ను బడికి తోలిండ్రు. నాకైతె బడి ఏ దిక్కుంటదో గూడ చూపియ్యలే."