చక్రంలో పత్తి పోగు

మిరప ఘాటుకు తుమ్ము వస్తే నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి ఆపుకుంటాను.

అందరూ బ్యాటరీ వాచీలకు మారినా, మా తాతయ్యది రోజూ కీ ఇచ్చుకునే వాచీ. ఆయన పోయిన రోజే అదీ ఆగింది. మణికట్టులో నాడి కొట్టుకుంటేనే వాచీ నడుస్తుందని అప్పట్లో నా నమ్మకం. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మిరప కోతలప్పుడు నాన్న దాన్ని వసారాలో పీట మీద పెట్టి విప్పాడు. వాచీ విప్పడం ఆయనకు అదే మొదలు. వాకిలంతా కాయలు ఆరబోసి ఉన్నాయి.

“తుమ్మావంటే మరలన్నీ మిరపకాయల్లో పడతాయే!” అన్నాడు నాతో.

“ముందు మీరు చేతులు కడుక్కున్నారా? లేకపోతే ఆ వాచీకి కూడా కళ్లు మండుతాయి,” అంది అమ్మ, కాయలు తిరగేస్తూ.

లోపల చిన్న చక్రానికి పత్తి పోగు ఒకటి చుట్టుకుని ఉంది. నాన్న సూదిమొనతో దాన్ని లాగాడు. చక్రం వణికి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. వాచీ ఎవరి చేతికీ లేదు.

“నువ్వు కీ ఇచ్చావా నాన్నా?”

“లేదమ్మా.” ఆయన సూది పక్కన పెట్టాడు. “మీ తాతయ్య ఇచ్చిందే. ఇంకా మిగిలి ఉంది.”

ఆనాటి నుంచి నాన్నే రోజూ దానికి కీ ఇచ్చుకున్నాడు. ఆయన పోయిన రోజే ఆ వాచీ నా చేతికి వచ్చింది. వెంటనే కీ ఇవ్వలేదు. నాన్న ఇచ్చింది అయిపోయేదాకా చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.