నీళ్లు పడని గొంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంచినీళ్ల కోసం ఒక యుద్ధం నడిచింది. మా తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి బొబ్బిలి పక్కనున్న మా ఊరికి తీసుకొచ్చాక ఆయన భారమంతా మా చిన్నాన్న భార్య, మా పిన్ని మీద పడింది. ఇంటికొచ్చి ఇలాంటి రోగుల్ని చూసే మనుషులు ఉంటారని అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిన నాలుగు మాటలే పిన్నికి ఆధారం. పలచటి నీళ్లు తాగించకూడదన్నది వాటిలో ఒకటి. చిక్కటి చోడి జావనే, అంటే రాగి జావనే, కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టాలి. దాహానికీ అదే.

పగవాడు అడిగినా నీళ్లు కాదనని ఊరు మాది. తాతయ్య ఎడమచేతిని నోటిదాకా తీసుకెళ్లి చూపిస్తూ ఏడుస్తుంటే, పక్కింటి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి అరిచేది.

"ఒసే, అలా ఏడుస్తంటే సుక్క నీల్లియ్యవేటే? ముసలోడు ఎప్పుడు పోతాడా అని సూస్తన్నావేటి?"

"నీల్లు మావ గొంతుకి పడవు పెద్దమ్మా. ఊపిరిలోకి పోతాయి. అంత జాలుంటే నువ్వొచ్చి జావ పెట్టు."

"నీ జావ నువ్వే తాగు!"

పిన్ని మెత్తని మనిషి కాదు. తాతయ్య మొహం తిప్పుకుంటే గడ్డం పట్టి తనవైపు తిప్పుకునేది. ఆమెను చూస్తేనే నాకు అసహ్యం. తాతయ్యకు నేనొక్కణ్ణే దిక్కనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమె పెరట్లో ఆయన పక్కబట్టలు ఉతుకుతుండగా, గ్లాసుతో నీళ్లు ముంచి, పడుకున్న మనిషి నోట్లో పోశాను. మొదటి గుక్కకు ఆయన నవ్వినట్టే అనిపించింది. ఆ తర్వాత కళ్లు తేలేశాడు. దగ్గు రాలేదు, గొంతులో గురగుర మాత్రం వినిపించింది. పెదవులు నల్లబడ్డాయి. పిన్ని తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, ఆయన్ని లేపి, ముందుకు వంచి వీపు చరిచింది. అప్పటికే వీధంతా గుమ్మంలో ఉంది.

"సూడండ్రా, గొంతెండగట్టి సంపేస్తంది!" అంది పెద్దమ్మ.

నేను గ్లాసును వెనక్కి దాచుకున్నాను. పిన్ని అది చూసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

సాయంత్రం నన్ను రెక్కపట్టి పెరట్లోకి లాక్కెళ్లింది. తల పైకెత్తి నోరు తెరవమంది. చెంచాడు నీళ్లు పోసి, నోరు మూయకుండా మింగమంది. నా వల్ల కాలేదు. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి, దగ్గుతో మెలికలు తిరిగాను.

"నీకు దగ్గొచ్చింది, కక్కీసావు. ఆయనకి ఆ దగ్గే రాదు. తెలిసిందేట్రా?"

తర్వాత గడ్డం కిందికి దించమని జావ పెట్టింది. అది నెమ్మదిగా, సుఖంగా జారింది.

తాతయ్యకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నాడు డాక్టరు. ఆయన మరి కోలుకోలేదు. కర్మకాండలో పిండానికి నీళ్లు వదులుతుంటే పెద్దమ్మ అందరికీ వినబడేలా, "ఇప్పుడైనా ఇయ్యండ్రా, బతికుండగా ఇచ్చింది కాదు" అంది. పిన్ని తల దించలేదు. నేనే దించుకున్నాను. ఆ మాట చాలా ఏళ్లు ఆమె వెంటే తిరిగింది.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, నన్ను కాపాడాలనే ఆ రోజు గ్లాసు సంగతి ఎవరికీ చెప్పలేదా అని.

"నిన్ను కాయడానికేటి? నాను సెప్తే ఎవులు నమ్ముతారు? పిల్లోడి మీదకి నెట్టీసిందంటారు. నువ్వు సెప్తే నమ్ముదురు. నువ్వు సెప్పలేదు."

అంతే, లేచి పనిలోకి వెళ్లిపోయింది. పిన్ని ఇప్పుడు లేదు.

ఇవాళ శ్రీకాకుళంలో మింగడం నేర్పే థెరపీ వాళ్లున్నారు, ఇంటికే వచ్చి చూపిస్తున్నారు. పరామర్శకు వచ్చేవాళ్లు మాత్రం మారలేదు. ఆమధ్య అరసవల్లిలో ఒక బంధువు ఇంటికి వెళ్లాను. మంచంలో ఉన్న మావగారికి నీళ్లివ్వడం లేదని కోడలిని నలుగురూ చేరి దులిపేస్తున్నారు. నేను లేచి, "మా తాతయ్యకి నీళ్లు పోసి చంపింది నేనే. నోళ్లు మూసుకుని కూర్చోండి" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. ఆ అమ్మాయి మాత్రం చెంచా అందుకుని తన పని తాను చేసుకుపోయింది.

ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే. ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతూనే ఉంటాను. ఆ మాట అనవలసిన ఇల్లు అరసవల్లిలోది కాదని మాత్రం నాకు తెలుసు.