అందరికీ తెలిసిన పాస్‌వర్డ్

కొల్లేట్లో మా చేపల చెరువులు పోయి, పెదపాడు దగ్గర పొలం కూడా అమ్మేశాక ఏలూరులో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అయినా చుట్టాల ఇళ్లలో శుభకార్యాలకు వంశానికి పెద్ద హోదాలో ఆశీస్సులు రాసి పంపడం నాన్నగారు మానలేదు. ఉత్తరాల రోజులు పోయాయని మా వీధి చివర నెట్ సెంటరులో ఈమెయిల్ పెట్టించుకున్నారు. దానికి పాస్‌వర్డ్‌గా మా ఇంటిపేరు ఇచ్చారు.

"ఇంటిపేరు వద్దండీ. అందరికీ తెలిసిందే కదండీ," అన్నాడు సెంటరాయన.

"తెలిసిన పేరు కాబట్టే పెడుతున్నాను. కానివ్వండి."

పక్కన నేనూ నిటారుగా నిలబడ్డాను. మాకు మిగిలిన ఆస్తి ఆ పేరే.

ఏడాది తిరగకుండానే ఎవరో ఆ పేరు కొట్టి మెయిల్ లోపలికి వెళ్లారు. ఒంట్లో బాగాలేదు, చేతిలో ఏమీ లేదు, సాయం చేయండి అని నాన్నగారు రాసినట్టే బంధువులందరికీ పంపారు. తాడేపల్లిగూడెం నుంచి మేనత్త ఫోన్ చేసేదాకా మాకు తెలియదు. ఫోన్లోంచి ఆవిడ గొంతు గదంతా వినబడింది.

"ఏరా తమ్ముడూ, నన్నడగడానికి మొహమాటమేంట్రా? అందరితోపాటు నాకూ మెయిలేనా?"

"నేను రాయలేదక్కా. ఎవరో దొంగ నా పేరుతో రాశాడు."

"సర్లేరా. రాయలేదులే."

చంటిపిల్లాణ్ణి ఊరుకోబెట్టే గొంతు అది. నాన్నగారు ఫోన్ పెట్టేశారు. దొంగ రాసినదానికన్నా, చదివినవాళ్లెవరూ ఆశ్చర్యపోకపోవడం ఆయన్ను కుంగదీసింది.

ఆ వారమే తాడేపల్లిగూడెం బస్సులో మేనత్త పంపిన బియ్యం బస్తా వచ్చింది. ఒకప్పుడు మా గాదెల నుంచి ఆ ఇంటికి ధాన్యం బండ్లు వెళ్లేవి. తోబుట్టువు పంపింది తిప్పి పంపకూడదని నాన్నగారు బస్తా దించుకున్నారు. ఆ అన్నం తింటున్నన్ని రోజులూ భోజనం దగ్గర మాట్లాడలేదు.

తర్వాత పాస్‌వర్డ్ మార్చడానికి వెళ్లాం.

"అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగ్గా పెట్టండి. ఇంట్లోవాళ్లకి కూడా తట్టకూడదండీ," అన్నాడు సెంటరాయన.

నాన్నగారు నన్ను బయట నిలబడమన్నారు. అద్దం తలుపులోంచి ఆయన వీపు కనిపించింది. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టారు. సాయం అడిగిన ఆ మెయిల్ తను రాసింది కాదని అందరికీ రాశారు. జవాబుల కోసం చాలా రోజులు సెంటరుకి వెళ్లి వచ్చారు. ఏం వచ్చిందో చెప్పలేదు, నేను అడగలేదు.

నాన్నగారు పోయాక, ఆయన మెయిల్ తెరవాలని నాకు తోచినవన్నీ కొట్టి చూశాను. అమ్మ పేరు, మా ఊరి పేరు, పాత చెరువు పేరు. ఆఖరికి, రాదని తెలిసే, మా ఇంటిపేరు కూడా. ఏదీ తెరుచుకోలేదు.

ఆయన మాట నమ్మామని ఒక్కరైనా రాశారో లేదో నాకు తెలియదు.