ఇరవయ్యో అంతస్తులో పెళ్లి

ఇదివరకు పొద్దున్నే పాలకి లిఫ్టులో దిగేదాన్ని. నేను చెప్పులు వేసుకునేలోపే మావారు మీట నొక్కి ఉంచేవారు. అది పైకొచ్చి డింగుమని నిలబడేది. ఇప్పుడు మెట్లే. మాది నాలుగో అంతస్తు. మా భవనంలో మెట్లెక్కేవాళ్లు లేరు కాబట్టి వాటిని తుడిచేవాళ్లూ లేరు. రెయిలింగు మీద దుమ్ము వేలితో పేరు రాస్తే పడేంత ఉండేది. దిగేటప్పుడు పట్టుకోక తప్పదు, పట్టుకుంటే చెయ్యి నల్లబడక తప్పదు. అందుకని ఒక పాత గుడ్డ తడిపి పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. దిగుతూ తుడవడం, ఎక్కుతూ ఆరిందో లేదో చూసుకోవడం. అదే నా పొద్దుటి పని అయిపోయింది. కింద వాటాలో ఉండే రిటైరైన మాస్టారు ఒకరోజు చూసి, మెట్లని పెళ్లికూతురిలా తయారుచేస్తున్నావమ్మా అన్నారు.

పెళ్లంటే గుర్తొచ్చింది. నేను చెప్పబోయేది మా మరిది పెళ్లి సంగతి.

మా మరిది లిఫ్టు మెకానిక్. మావారిదీ అదే పని. అన్నదమ్ములిద్దరూ జోడీగా చేసేవారు, ఒకరు పైన మోటారు గదిలో ఉంటే ఒకరు కింద గుంతలో. నేను కాపురానికి వచ్చేసరికి ఇతను నిక్కర్లు వేసుకుని బడికి వెళ్తున్నాడు. తల్లి లేదు. మాకు పిల్లలు కలగలేదు. కాబట్టి మరిది అన్నా కొడుకు అన్నా మా ఇంట్లో అతనొక్కడే. నలభై దాటినా నాకు అలాగే కనిపిస్తాడు.

లిఫ్టులంటే అతనికి పిచ్చి. ఎక్కడికి వెళ్లినా ముందు తలుపు మీద అరచెయ్యి ఆనించి, పశువుని నిమిరినట్టు నిమిరి, చెవి ఒగ్గి వింటాడు. తను బాగుచేసిన దాంట్లోకి ఇంకో మనిషిని ఎక్కనివ్వాలంటే ముందు ఖాళీగా ఒకసారి పైకీ కిందకీ తిప్పి తీరాల్సిందే. ఆ పద్ధతి అన్నగారు నేర్పింది. ఒకసారి తోటి పనివాడు ఆసుపత్రిలో ఉంటే చూసి రమ్మని పంపించాను. తిరిగొచ్చాక ఎలా ఉందయ్యా అని అడిగితే, తలుపు కాస్త ఆలస్యంగా మూసుకుంటోంది వదినా, అన్నాడు. భవనంలో పిల్లలు అతన్ని డింగు మామయ్య అంటారు.

అలాంటివాడికి సంబంధం కూడా లిఫ్టులోనే కుదిరింది. నర్సులుండే క్వార్టర్సులో ఒక అమ్మాయి రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. ఇతను బయటనుంచి పని చేస్తూ, భయపడకమ్మా, ఒక తాడు కాదు చాలా తాళ్లుంటాయి అని ధైర్యం చెప్పాడట. ఆ తర్వాత అన్నం తిన్నావా, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు అని ఒకటే ప్రశ్నలు. లోపలున్న అమ్మాయి, మీరు లిఫ్టు బాగుచేస్తున్నారా, సంబంధం మాట్లాడుతున్నారా అని అడిగిందట. తలుపు తెరుచుకున్నాక ఇతనికి మాట పెగల్లేదు. మావారు ఈ కథ ఎన్నిసార్లు చెప్పించుకుని నవ్వారో.

ఆ అమ్మాయి వాళ్లు వేరే దేశంలో స్థిరపడ్డవాళ్లు. ఉద్యోగం గడువు అయ్యాక తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. మమ్మల్ని అక్కడికి రానివ్వలేదు, వాళ్లమ్మని ఇక్కడికి రానివ్వలేదు. వీసాకి ఎన్ని కాగితాలు పెట్టినా తిప్పి పంపారు. చివరికి మమ్మల్నీ వాళ్లనీ కూడా పెద్దగా ప్రశ్నలు వెయ్యకుండా రానిచ్చే మూడో దేశం ఒకటి ఉందని తేలింది. సముద్రం ఒడ్డున చిన్న దేశం. సరే, పెళ్లి అక్కడే అనుకున్నాం. చుట్టాలు ఊరుకుంటారా. కోటీశ్వరులు చేసుకునే పెళ్లి కదా, మమ్మల్ని విమానం ఎక్కిస్తారా, లిఫ్టులో పంపిస్తారా అన్నారు. నిజానికి రెండు వైపులా కలిపినా జనం ఒక చిన్న వ్యానుకి సరిపోతారు.

అంతా సిద్ధమవుతుండగా మావారికి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో కింద చూసి, వెంటనే పైకి తీసుకెళ్లాలన్నారు. లిఫ్టులోకి తోస్తుంటే ఆయన పడుకున్నచోటినుంచే చెయ్యి చాచి తలుపు అంచు నిమిరారు, అలవాటు కదా. తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకునేసరికి ఆయన లేరు. చెయ్యి నా చేతిలోనే ఉంది. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

పెళ్లి వాయిదా పడింది. నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. లిఫ్టు ఎక్కలేకపోతున్నానని ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకి మోకాళ్లకి మంచిదట అనేదాన్ని.

ఏడాది తిరిగాక పెళ్లి మాట నేనే ఎత్తాను. అక్కడ పెళ్లిళ్లు జరిపించే ఒక ఏజెంటమ్మని పట్టుకున్నాం. ఫోన్లో బొమ్మలు పంపేది. తెల్ల కుర్చీలు, పూల పందిళ్లు, పడవ మీద నిలబడ్డ జంట, పావురాలు. మా మరిది వంటింటి బల్ల దగ్గర కూర్చుని అవన్నీ పక్కకి తోసేసి ఒకటే అడిగేవాడు, లిఫ్టు ఉందా అని. ఆవిడ సంబరంగా, అద్దాల లిఫ్టులు సార్, సముద్రం కనిపిస్తుంది అనేది. అయితే వద్దండీ అనేవాడు. ఇంకో హోటలు. లిఫ్టు ఉందా? ఉంది సార్. వద్దండీ. ఆవిడకి పిచ్చెక్కింది. అందరూ గదినుంచి సముద్రం కనిపించాలంటారు, మీ వాడేంటమ్మా లిఫ్టు మెకానిక్ అయ్యుండి లిఫ్టుంటే వద్దంటాడు అని నాకు ఫోన్ చేసి మొత్తుకుంది. మిఠాయి కొట్టువాడు ఇంట్లో మిఠాయి తింటాడా అమ్మా అన్నాను. నేనూ అలాగే అనుకున్నాను మరి.

ఎట్టకేలకు ఒక సత్రంలాంటిది దొరికింది. అన్నీ కింది గదులే, మధ్యలో తోట. మా మరిది ఆ బొమ్మని పెద్దది చేసి చూస్తూ, గుమ్మానికి మెట్టు కూడా లేదు వదినా అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు, ఆవిడ కోసం కాబోలు అనుకున్నాను. టిక్కెట్లు కూడా కొన్నాం. ఇక బట్టలు సర్దుకోవడమే అనుకుంటుండగా సత్రంవాళ్లు చేతులెత్తేశారు. గాలివానకి పైకప్పు లేచిపోయిందట. గాలుల కాలం కావడంతో ఒడ్డున ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఆ తేదీల్లో ఉన్నది ఒకటే హాలు, ఇరవయ్యో అంతస్తులో.

మా మరిది వద్దన్నాడు. ఏజెంటమ్మతో అని ఊరుకోకుండా, పెళ్లి వచ్చే ఏడు పెట్టుకుందామని ఆ అమ్మాయికీ చెప్పేశాడు.

మర్నాడు అతను పనికి వెళ్లాక ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఆయనకి నా మీద మనసు విరిగిందా?"

"అదేం మాటమ్మా."

"మరి దొరికిన హాలు వద్దంటారేంటి? మొదటిసారి ఆగామంటే ఇంట్లో అంత కష్టం వచ్చింది. ఇప్పుడేమైంది? లిఫ్టు బాలేదంటారు. ఏం బాలేదంటే ఫోన్ పెట్టేస్తారు. మా అమ్మ ఈ ఏడు రాగలిగినట్టు వచ్చే ఏడు రాగలదని నాకు నమ్మకం లేదక్కా. అమ్మ చూడని పెళ్లి నాకెందుకు?"

ఆ మాట విన్నాక నాకు ఇంట్లో పని సాగలేదు. కూర అడుగంటింది. సాయంత్రం దాన్నే వడ్డించి ఎదురుగా కూర్చున్నాను.

"ఏమయ్యా, ఆ లిఫ్టుకి ఏం రోగం?"

"పాతది వదినా."

"కిందటేడే బిగించారని ఏజెంటమ్మ చెప్పిందే."

అతను కాసేపు మాడిన ముక్కలు పక్కకి ఏరాడు. "బాగానే ఉంది. దాని జాతిలో మేలైనదే."

"మరి?"

"నువ్వెలా వస్తావు?"

"నా మోకాళ్లకి మెట్లే..." అని ఏదో అనబోయాను.

"రెండు చేతుల్లో సంచులు పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కే మనిషి మోకాళ్ల కోసం ఎక్కుతోందంటే ఎవరు నమ్ముతారు వదినా?"

అంటే ఇన్ని నెలలూ తెలిసీ ఊరుకున్నాడు. అన్ని హోటళ్లకి వంకలు పెట్టింది అందుకే. ఏజెంటమ్మ దగ్గర పిచ్చివాడనిపించుకున్నాడు, పెళ్లికూతురి దగ్గర మనసు మారినవాడనిపించుకున్నాడు. నా పేరు మాత్రం ఎక్కడా బయటపెట్టలేదు.

"అయితే అక్కడా మెట్లెక్కే వస్తాను," అన్నాను.

"ఇరవై అంతస్తులా? నువ్వు పైకొచ్చేసరికి మాకు పిల్లలు పుట్టి, మీటలు అందుకునేంతవాళ్లవుతారు."

"నేను రాకపోతే ఏం? మీరు కానివ్వండి."

"ఆ మాట మాత్రం అనకు," అన్నాడు. అన్నం మీద చెయ్యి ఆగిపోయింది. "అన్నయ్య లేడు. నువ్వు కూడా లేకపోతే నా పక్కన నిలబడేదెవరు?"

లేచి అతని పళ్లెంలో మజ్జిగ పోశాను. తర్వాత అతని ఫోన్ తీసి చేతికిచ్చాను.

"ఆ హాలు ఖాయం చెయ్యి. ముందు ఆ పిల్లకి చెప్పు, తర్వాత ఏజెంటమ్మకి."

"ముందు నువ్వు ఎక్కి చూడు వదినా. ఎక్కగలిగితే అప్పుడు..."

"అలాగైతే ఈ జన్మలో ఎక్కను. నువ్వు ఖాయం చేస్తేనే ఎక్కుతాను."

నా వైపు చూస్తూనే ఫోన్ చేశాడు. అవతల ఆ అమ్మాయి ఏమందో తెలియదు గానీ, ఇతను నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మా అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గర నిలబడ్డాం. అతను అలవాటు ప్రకారం ఖాళీ లిఫ్టుని ఒకసారి కిందకీ పైకీ తిప్పాడు. తలుపుకి వీపు ఆనించి, రా అన్నాడు. లోపల అడుగుపెట్టాను. అదే నూనె వాసన, మావారి చొక్కాల్లో ఉతికినా పోని వాసన. చేత్తో గోడ పట్టుకుని నిలబడ్డాను. తలుపు మూసుకోనివ్వలేదని అది కుయ్యిమని గోల పెట్టింది.

కిందనుంచి మాస్టారు అరిచారు, "ఎవరండీ లిఫ్టు పట్టుకు కూర్చుంది?"

"మా వదిన లోపల నిలబడింది మాస్టారూ," అన్నాడు మా మరిది.

"నిలబడితే పంపించవయ్యా మరి!"

"ఇవాళ నిలబడటం వరకే మాస్టారూ. ప్రయాణం తర్వాత."

నాకు నవ్వొచ్చింది. ఆ పెట్టెలో నవ్వగలనని అనుకోలేదు. ఆ రోజుకి అంతే, బయటికొచ్చేశాను. తర్వాత కొన్నాళ్లకి ఒక అంతస్తు. అతను పక్కనే నిలబడి, మోటారు ఇప్పుడేం చేస్తోందో, ఆ టకటక దేనిదో చెబుతూ వచ్చాడు, అప్పుడెప్పుడో ఆ అమ్మాయికి చెప్పినట్టు. ఒకసారి మధ్యలో భయపడి మీట నొక్కేసి రెండో అంతస్తులో దిగిపోయాను. ఫర్వాలేదు వదినా, రెండు అంతస్తులు చేతిలో పడ్డాయిగా అన్నాడు. ఆ అమ్మాయి రోజూ ఫోన్ చేసి, అక్కా ఇవాళ ఎంతవరకు అని అడిగేది. వాళ్లమ్మగారు కూడా ఫోన్ తీసుకుని, అక్కడ నా చెయ్యి మీరు పట్టుకోండి, మీ చెయ్యి నేను పట్టుకుంటాను వదినగారూ అన్నారు.

ఇవాళ పొద్దున మా మరిది ఇంకా లేవలేదు. పాల సంచి తీసుకుని నేనొక్కదాన్నే బయటికొచ్చాను. మీట నేనే నొక్కాను. అది డింగుమని వచ్చి నిలబడితే, ముందు తలుపు అంచు మీద చెయ్యి వేసి నిమిరాను. ఎక్కాను. తలుపు మూసుకుంది. కళ్లు మూసుకోలేదు. తెరుచుకునేసరికి ఎదురుగా మాస్టారు సంచి పట్టుకుని ఉన్నారు. పక్కకి జరిగి, కాస్త తలవంచి నాకు దారిచ్చారు. పాలు తీసుకుని మళ్లీ అందులోనే పైకొచ్చాను.

విమానానికి ఇంకా వారం ఉంది. పెట్టెలు సగం సర్దాం. ఇంట్లోకి వస్తూ మెట్ల వైపు చూశాను. రెయిలింగు మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది. తడిపిన గుడ్డ తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. చెయ్యి దాని దాకా వెళ్లింది. ఉండనీ అనుకుని లోపలికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టాను.