దోహాలో కిరాయిదారు, హైదరాబాదులో ఓనరు

తొంభైల్లో నేను ఒకేసారి ఇద్దరు మనుషులుగా బతికాను. దోహాలోని అల్ ఘర్రాఫాలో ఒక విల్లాను కేకులా ముక్కలు కోస్తే, అందులో అన్నిటికన్నా చిన్న ముక్కలో అద్దెకుండేవాణ్ణి. హైదరాబాదులోనేమో ఒక ఫ్లాటుకు యజమానిని. నిజానికి యజమాని బ్యాంకు. తలుపు గొళ్ళెం వరకే నాది.

అప్పిచ్చే ముందు బ్యాంకు మేనేజరు అడిగాడు: "మీరుండడానికా, అద్దెకివ్వడానికా?"

అద్దెకైతే వడ్డీ ఎక్కువ, మన చేతి నుంచి పెట్టాల్సిన సొమ్మూ ఎక్కువ. ఉండడానికేనని చెప్పబోయి నేను నోరు సగం తెరిచాను. మిగతా సగంలో మా ఆవిడ దూరిపోయింది.

"అద్దెకేనండీ. మేముండేది ఖతార్‌లో కదా!"

ఆ నిజాయితీకి ఏళ్ళ తరబడి వడ్డీ కట్టాను.

ఏర్పాటు సులువైనదే. ఫ్లాటు అద్దె బ్యాంకులో పడాలి, వాయిదా అందులోంచే పోవాలి. అద్దె ఆగిందా, వాయిదా నా జీతం మీద పడుతుంది. అప్పుడు ఈ విల్లా ముక్క వదిలేసి నేను కంపెనీ వాళ్ళ బ్యాచిలర్ గదికి, మా ఆవిడా పాపా హైదరాబాదుకి.

ఆ వేసవిలో మా ఏసీ చచ్చిపోయింది. గోడ మీది బల్లి కూడా చెప్పులడిగేంత వేసవి. విల్లా ఓనరు ఖతరీ పెద్దమనిషి. ఎప్పుడెళ్ళి మొరపెట్టుకున్నా చాయ్ పోసి, భుజం తట్టి, "బుక్రా, సదీక్! ఇన్షాల్లా బుక్రా!" అనేవాడు. సదీక్ అంటే మిత్రమా, బుక్రా అంటే రేపు. ఆ రేపు వారాల తరబడి సాగింది. కోపం రాకపోగా నేను ఆ మాటకు భక్తుణ్ణయిపోయాను. ఎవరి మనసూ నొప్పించదు, పైసా ఖర్చుండదు!

శుక్రవారం ఫోన్ చేస్తే, మా ఫ్లాటులో ఉండే కరీంనగర్ టీచరమ్మ ఎత్తింది.

"సార్, వంటింట్ల నల్లా కారుడు బందైతలేదు. ఎన్నిసార్లు చెప్పాలె?"

నాకు మా ఓనరు పూనాడు. "బుక్రా... అదేనమ్మా, రేపు తప్పకుండా."

అవతల నవ్వు. "బుక్రానా? మా తమ్ముడు దుబాయ్‌ల పనిజేసిండు సార్. బుక్రా అంటే ఏందో మా ఇంట్ల పిల్లలకు సుత ఎరుకే. నల్లా బాగైనంకనే కిరాయి వేస్త. లేకుంటే వేరే ఇల్లు చూస్కుంట."

ఫోన్ పెట్టేసరికి నా చెమటకు గల్ఫ్ సముద్రం ఒక అడుగు పొంగింది.

"ఏం బుక్రా గారూ, అయిందా?" అంది మా ఆవిడ. "ముందు మా అన్నయ్యకి ఫోన్ చెయ్యండి. ఆ కుళాయి మూలంగా నేను పెట్టె సర్దుకోలేను."

బావగారు మర్నాడే ప్లంబర్‌ని తీసుకెళ్ళాడు. కుళాయి నోరు మూసుకుంది, అద్దె బ్యాంకులో పడింది, టీచరమ్మ కదల్లేదు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? ఒకటో తారీఖున విల్లా ఓనరు అద్దె వసూలుకొచ్చాడు. నేనే చాయ్ పోసి, భుజం తట్టి, టీచరమ్మ పాఠం అప్పజెప్పాను.

"ముందు ఏసీ, సదీక్. ఫులూస్ బుక్రా!"

అద్దె డబ్బు రేపన్నమాట వినగానే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు చూడండీ, ఎక్కడో ఊరి అవతలున్న అల్ ఖోర్‌లో కిటికీలు అదిరి ఉంటాయి. గంటలో మెకానిక్ దిగాడు.

ఆ మధ్యాహ్నం అల్ ఘర్రాఫాలో హిమాలయాలు వెలిశాయి. ముగ్గురం దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. పాప వణుకుతూ, "అమ్మా, ఏసీ ఆపవా?" అంది.

మా ఆవిడ కళ్ళు తెరవకుండానే, "బుక్రా" అంది.