రేపు కూడా వేసుకుంటాను

నిన్న పొద్దున్న మీ ఇంట్లో మొదటి మాట ఎవరు మాట్లాడారు? ఏమన్నారు?

తడుముకుంటున్నారు కదూ? దేశం ఎటు పోతోందని అడిగితే గంటసేపు చెబుతారు. మీ కళ్ల ముందు, మీ వంటింట్లో, నిన్ననే జరిగింది అడిగితే నోరు పెగలదు. నేనూ అలాంటివాణ్ణే. తాడేపల్లిగూడెంలో హైస్కూలు సైన్సు మాస్టారిగా చేసి రిటైరయ్యాను. జాతకాలు అబద్ధమనీ, చేతబడి బూటకమనీ ఊరూరా సభల్లో వాదించాను. ఆ వాదించే గొంతు ఒక పొద్దున్న హఠాత్తుగా పోయింది. దాన్ని వెనక్కి తెచ్చింది నా ఉపన్యాసాలు కావు. చల్లారిన ఇడ్లీ, పొంగిన పాలు, మందుబిళ్ల. నమ్మబుద్ధి కాకపోతే చివరిదాకా చదివి అప్పుడు కాదనండి.

ఆ రోజు సాయంత్రం ఏలూరులో నా ఉపన్యాసం ఉంది. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. రేజరు చేతిలోంచి జారింది. తీసుకున్నాను. మళ్లీ జారింది. నిద్ర చాల్లేదనుకున్నాను. ఇంతలో నా భార్య సావిత్రి వంటింట్లోంచి, "కాఫీ ఇప్పుడు తాగుతారా, స్నానం చేసొచ్చాకా?" అని అడిగింది. స్నానం చేశాక అని చెప్పబోయాను. "కిటికీ" అన్నాను. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ "కిటికీ" అనే వచ్చింది.

"పొద్దున్నే సభ మొదలెట్టేశారా ఏంటి?" అని నవ్వుతూ బయటికొచ్చింది. నా మొహం చూడగానే నవ్వు ఆగిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడిచెంప మీద నురగ అలాగే ఉంది.

పక్కింటాయన కారు తీశాడు. ఆయన భార్య పరిగెత్తుకొచ్చి, "గాలి కొట్టినట్టుందండి, కాస్త వేన్నీళ్లు పట్టించి పడుకోబెట్టండి, సర్దుకుంటుంది" అంది. సావిత్రి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కౌంటరు ముందు ఎంతమంది అరిచినా తొణకని గొంతుతో, "పడుకోబెట్టను. ఏలూరు తీసుకెళ్తాను" అంది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "ఆయన్ని చివరిసారి మామూలుగా చూసింది ఎన్నింటికమ్మా? అది కచ్చితంగా తెలిస్తేనే ఇంజక్షన్ ఇవ్వగలం."

సావిత్రి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "పాలు పొంగినప్పుడు బాగానే ఉన్నారండి. 'పొంగిపోతున్నాయి చూడు' అని హాల్లోంచి అరిచారు. అప్పుడే వీధిలో స్కూలు బస్సు హారన్ కొట్టింది. అది రోజూ ఒకే వేళకి వస్తుంది."

ఆ బస్సు వేళని బట్టి లెక్క కట్టారు. సీటీ స్కాన్ తీశారు. "ఇస్కీమిక్ స్ట్రోక్. మెదడు ఎడమవైపు క్లాట్ ఉంది. ఇంకా విండో పీరియడ్‌లోనే, అంటే ఇంజక్షన్ పనిచేసే గడువులోనే ఉన్నారు" అన్నారు. క్లాట్ కరిగించే ఇంజక్షన్ ఇచ్చారు. నా ప్రాణం నిలబడడానికి డాక్టరు చదువు ఎంత కారణమో, పాలు పొంగినప్పుడు ఎవరేమన్నారో గుర్తుపెట్టుకున్న చెవి కూడా అంతే కారణం. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఎమ్మారై చూశాక డాక్టరు గారు మంచం పక్కన నిలబడి చెప్పారు. "మాస్టారూ, దీన్ని అఫేసియా అంటారు. మీకు అన్నీ అర్థమవుతాయి. మాట మాత్రం బయటికి రాదు. తెలివి పోలేదు, దారి మూసుకుపోయింది. మెదడు వేరే దారి వేసుకుంటుంది, కానీ పని చెబితేనే. బీపీ బిళ్ల, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్లడ్ థిన్నర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు."

ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి సగం పనిచేస్తోంది. నోట్లోంచి వచ్చేది ఒకే ఒక్క శబ్దం. "ఆ." అవునన్నా "ఆ", కాదన్నా "ఆ", కోపమొచ్చినా "ఆ". అడ్డంగా ఊపుదామంటే తల కూడా నిలువుగానే ఊగేది.

మా ప్రాంతపు మర్యాద మీకు తెలిసే ఉంటుంది. మనిషి మంచాన పడితే పరామర్శకి ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్లు రోగిని ఇబ్బంది పెట్టరు. అతను నోరు తెరవగానే మిగతా మాట వాళ్లే పూరిస్తారు. "నీళ్లు కావాలంటున్నారండి." "అబ్బే, ఫ్యాను తగ్గించమంటున్నారండి." ఒకరోజు మా హేతువాద సంఘం మిత్రులు వచ్చారు. నేను మూడు సభల్లో వ్యతిరేకించిన తీర్మానం గురించి వాళ్లలో వాళ్లే వాదించుకుంటుంటే, ఒకాయన నా వైపు తిరిగి, "మాస్టారికి కూడా ఇది సమ్మతమే, కదండీ?" అన్నాడు. మంచం పట్టె మీద ఎడమచేత్తో కొట్టి అరిచాను. "ఆ! ఆ!" "చూశారా, ఎంత గట్టిగా సమర్థిస్తున్నారో!" అన్నాడాయన. కాఫీలు తాగి వెళ్లిపోయారు. నా అభిప్రాయం కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది.

ఏలూరులో నాకు స్పీచ్ థెరపీ చేసిన అమ్మాయి ఈ తంతు చూడగానే పసిగట్టింది. నన్ను అడిగిన ప్రతిదానికీ సావిత్రి జవాబు చెబుతుంటే మెల్లిగా అంది: "అమ్మా, ఆయన మాటలన్నీ మీరే మాట్లాడేస్తున్నారండి. ఇంక ఆయనకేం మిగులుతాయి? ఆయన తడబడితే తడబడనివ్వండి. మీరు ఆగండి. అదే ట్రీట్‌మెంట్."

తర్వాత నా ముందు కాగితం పెట్టి, ఎడమచేత్తో ఏదైనా రాయమంది. ఏం రాయాలో నాకు తెలుసు. 'మూఢనమ్మకం' అని రాయబోయాను. మూడు గీతలు, ఒక సున్నా వచ్చాయి. 'సమాజం' కోసం ప్రయత్నించాను. అదీ రాలేదు. జీవితమంతా ఉతికి ఆరేసిన మాటలు ఒక్కటీ పలకలేదు.

"సమాజం సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ" అంది ఆ అమ్మాయి. "నిన్న పొద్దున్న మీ ఇంట్లో మొదటి మాట ఎవరు మాట్లాడారు? ఏమన్నారు? అది రాయండి."

నాకు తెలియదు. మాట రాక కాదు. వినలేదు, అంతే.

"అయితే రేపు విని రాయండి. తిన్నది, చూసింది, విన్నది. రోజూ రెండు ముక్కలు చాలు."

నాకు మండింది. డైరీ రాసుకోవడమంటే పనిలేనివాళ్ల ముచ్చట అని నా లెక్క. మొదటి వారం కాగితం ముట్టుకోలేదు. రెండో వారం సావిత్రి పుస్తకం నా ఒళ్లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. పక్కన కూర్చోలేదు, సాయం చెయ్యలేదు. నేను చాలాసేపు కుస్తీ పట్టి రాసింది ఇది: "ఇడ్లీ. చల్లారింది."

థెరపీ అమ్మాయి చదివి, "ఎందుకు చల్లారింది?" అని అడిగింది. అప్పుడు నాలో ఏదో కదిలింది. క్లాసులో నేను పిల్లల్ని అడిగిన ప్రశ్న అది. ప్రయోగం రికార్డులో 'పరిశీలన' రాయకుండా 'నిర్ధారణ' రాసిన వాణ్ణి బెంచీ ఎక్కించిన మాస్టారిని నేను. అలాంటిది నా ఇంటికి వచ్చేసరికి నా దగ్గర ఉన్నవన్నీ నిర్ధారణలే. పరిశీలన గడి ఖాళీ.

ఇక రాశాను. "సావిత్రి బిళ్ల ఇచ్చింది. వేసుకున్నాను." ఇది రోజూ వచ్చే వాక్యం. "ఉల్లి లారీ వెళ్లింది. వీధంతా వాసన." "ఎదురింటి పాప చెప్పులు తారుమారు వేసుకుంది." ఏమీ రాయని రోజులూ ఉన్నాయి. తిండి సహించలేదు, ఎవరినీ చూడబుద్ధి కాలేదు. డాక్టరు గారు, "డిప్రెషన్ కూడా స్ట్రోక్‌లో భాగమే మాస్టారూ, దానికీ మందుంది, సిగ్గుపడకండి" అని ఇంకో బిళ్ల కలిపారు. దాన్నీ రాసుకున్నాను.

అసలు పరీక్ష మా చెల్లెలు రత్నం రూపంలో వచ్చింది. దాన్ని కొల్లేరు వైపు చేపల చెరువులున్న ఇంటికి ఇచ్చాం. నేనంటే ప్రాణం. "మా ఊళ్లో పసరు మందు ఇస్తారు వదినా. మాట పడిపోయినవాళ్లు ఎంతమందో మాట్లాడారు" అని సావిత్రి వెంటపడింది. సావిత్రి అలిసిపోయి ఉంది. "నీ ఇష్టం కాదు, నా ఇష్టం కాదు. ఆయన్నే అడుగు" అంది. రత్నం నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, వెళ్దామా?" అని అడిగింది. వద్దని గొంతు చించుకున్నాను.

"ఆ."

"విన్నావా వదినా! అన్నయ్యే ఒప్పుకున్నాడు!"

మర్నాడు పొద్దున్నే కారెక్కించారు. గణపవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. నీళ్లలో పాతిన కర్రలకి మేత సంచులు కట్టి ఉన్నాయి. సంచి చుట్టూ చేపలు నీళ్లు కలియబెడుతున్నాయి. గట్టు మీద గూడబాతులు కాచుకుని కూర్చున్నాయి. అన్నీ చూస్తున్నాను. పసరు మందుకి వ్యతిరేకంగా ఎన్నిసార్లు ఉపన్యాసం ఇచ్చానో గుర్తొస్తోంది. దాంట్లో ఒక్క మాట కూడా నోటికి అందడం లేదు.

రత్నం ఇంటి వసారాలో నన్ను కూర్చోబెట్టారు. పసరు ఇచ్చే ఆయన పెద్దమనిషి, మెత్తగా మాట్లాడాడు. "పథ్యం ఉండాలండి. పథ్యం ఉన్నన్నాళ్లూ ఇంగ్లీషు బిళ్లలు ముట్టకూడదండి. మందు వికటిస్తుంది." తర్వాత నా వైపు వంగి, "ఆయ్, మాస్టారూ, తమకి ఇష్టమేనాండి?" అన్నాడు.

నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు. అందుకని నోరు తెరవలేదు. సంచిలో ఉన్న పుస్తకం వైపు చెయ్యి చాపాను.

"నీళ్లా అన్నయ్యా? మజ్జిగా? బాత్రూముకా?" రత్నం లేచింది. "వాలుకుర్చీ తెమ్మంటున్నాడేమో" అన్నాడు మా బావగారు.

"ఎవరూ ఏమీ అనకండి" అంది సావిత్రి. "ఆయన్ని రాసుకోనివ్వండి."

అందరూ ఊరుకున్నారు. మా వైపు మనుషులకి ఊరుకోవడం కన్నా కష్టమైన పని లేదు. నేను 'వద్దు' కోసం వెతికాను. అది దొరకలేదు. దొరికింది రోజూ రాసి చేతికి అలవాటైన వాక్యమే. అదే రాశాను. దానికింద, అంతకుముందెన్నడూ రాయని ముక్క ఒకటి కలిపాను. సావిత్రి పుస్తకం అందుకుని పైకి చదివింది.

"సావిత్రి బిళ్ల ఇచ్చింది. వేసుకున్నాను. రేపు కూడా వేసుకుంటాను."

పుస్తకం మూసి నా వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్లూ మీరు 'ఆ' అన్నవన్నీ అవునని కాదా అండీ?" అని నన్నే అడిగింది. ఈసారి తల నేననుకున్నట్టే అడ్డంగా ఊగింది. ఎవరూ పూరించని జవాబు అది.

పసరాయన గిన్నె మీద ఆకు కప్పాడు. "మాస్టారికి ఇష్టం లేదండి. ఇష్టం లేకుండా నేనియ్యను" అని లేచాడు. రత్నం కళ్లు తుడుచుకుని, "మాట పడిపోయినా పంతం మాత్రం పడిపోలేదు అన్నయ్యకి!" అని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి కొర్రమీను పులుసుతో కంచం తెచ్చి నా ముందు పెట్టి, "ఉప్పు తగ్గించే వేశాను. చప్పగా ఉందని మళ్లీ ఆ పుస్తకంలో ఎక్కించకు" అంది. ఎక్కించాను. చప్పగానే ఉంది.

జీవితంలో చాలా వాదాలు గెలిచాను. ఇంత చిన్న వాక్యంతో ఎప్పుడూ గెలవలేదు. ఆ వాక్యం నాకు ఆవేశంలోంచి రాలేదు. రోజూ చేసిన పనిలోంచి వచ్చింది.

ఇప్పుడు మాట్లాడతాను. నెమ్మదిగా, వెతుక్కుంటూ. కుడిచెయ్యి పెన్ను పట్టుకుంటోంది. మళ్లీ సభలకి వెళుతున్నాను. "మాస్టారి ఉపన్యాసం ఇప్పుడు పోస్టుకార్డంత అయిందండి" అని మిత్రులు ఆటపట్టిస్తారు. నిజమే. పోస్టుకార్డులో అబద్ధానికీ ఆడంబరానికీ చోటుండదు. ఈ వ్యాసం ముక్కలు ముక్కలుగా చాలా రోజులు రాశాను. దీంట్లో సగం మాటలు ఆ పుస్తకంలోంచి ఎత్తుకొచ్చినవే. ఇవాళ్టి పేజీలో ఉన్నది ఇది: "మొదటి మాట సావిత్రిది. 'మజ్జిగలో పిల్లి మూతి పెట్టింది' అంది. పిల్లి ఒప్పుకోలేదు."

రాయాలని ఉంది కానీ స్ఫూర్తి రావడం లేదనే వాళ్లు నాకు రోజూ కనబడతారు. స్ఫూర్తి కోసం కాచుకుని కూర్చోవడానికీ, ముహూర్తం కోసం పంచాంగం తిరగెయ్యడానికీ తేడా ఏమిటి? రెండూ పని తప్పించుకునే మార్గాలే. మా జీవితంలో రాయడానికి ఏముందండీ అంటారు. పాలు పొంగలేదా? బస్సు రాలేదా? మీ పక్కన మనిషి ఏదో ఒకటి అనలేదా? వాటిని చూడనివాడు రేపు ఏ విషయం మీద అభిప్రాయం చెప్పినా దాని కింద పరిశీలన ఉండదు. ఇక జబ్బు చేసినవాళ్లు, జబ్బుపడ్డవాళ్లని చూసుకునేవాళ్లు ఉంటే మరీ చెబుతున్నాను. రోగి నోట మాట మీరు పూరించకండి. కాగితం ఇచ్చి, ఆగండి.

నేను మొదట అడిగిన ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదు. ఈ పేజీ తిప్పకండి. కరెంటు బిల్లు వెనకైనా సరే, ఖాళీ కాగితం తీసుకోండి. ఇవాళ మీ ఇంట్లో ఎవరో అన్న ఒక్క మాట, అన్నది అన్నట్టు రాయండి. బాగుందా లేదా అని చూడకండి. రేపు కూడా రాయండి.

లేవండి. పెన్ను ఎక్కడుందో వెతకండి.