ఎర్ర పెన్నుతో కొట్టేసిన వాక్యం

2024 వానాకాలంలో ఒక మధ్యాహ్నం, రామచంద్రపురంలోని మా సహాయ కేంద్రంలో, సుగుణ టీచరు గారు తన ఫిర్యాదులో ఒక వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ముప్పై నాలుగేళ్లు పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన చెయ్యి. ఒక్కటే గీత, తిన్నగా.

"ఇది లేకుండా రాయండి. లేకపోతే సంతకం పెట్టనండి" అన్నారు.

ఆ వాక్యం నేను రాసిందే: 'ఆదివారం ఉదయం చర్చికి వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వీడియో కాల్‌లో కూర్చున్నాను.'

ఇరవై ఏళ్లకు పైగా దినపత్రికలో విలేకరిగా పనిచేసి ఈ కేంద్రంలో చేరాను. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే గది ఇది. మోసపోయినవాళ్లకు ఫిర్యాదు రాసిపెట్టడం, బ్యాంకుకూ స్టేషనుకూ తోడు వెళ్లడం మా పని. వచ్చినవాళ్లలో పోయినదంతా తిరిగి చూసినవాళ్లు తక్కువ. అందుకే మా పనిలో ఎక్కువ భాగం వినడమే. ఆ రోజు సుగుణ గారు నాలుగో మనిషి.

ఆమెది 'డిజిటల్ అరెస్ట్' కేసు. పోలీసులమని వీడియో కాల్ చేసి, మీ మీద నేరం ఉంది, విచారణ అయ్యేదాకా కెమెరా ముందు నుంచి కదలొద్దని బెదిరించి డబ్బు లాగుతారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. శుక్రవారం మొదలై సోమవారానికి, మోకాళ్ల ఆపరేషన్‌కని దాచుకున్న పదవీ విరమణ డబ్బు పోయింది. అందులో కొంత ఒక బ్యాంకులో 'లియన్' కింద ఉంది. అంటే ఎవరూ తీసుకోకుండా ఆపి ఉంచారు. వివరంగా ఫిర్యాదు ఇచ్చి కేసు నమోదు చేయించకపోతే ఎన్నాళ్లో ఆపలేమని బ్యాంకువాళ్లు చెప్పేశారు.

ఆమె ఆ వాక్యం కొట్టేయడానికి కారణం నేనే. రాస్తూ రాస్తూ తలెత్తి అడిగాను: "చర్చిలో అంతమంది ఉన్నారు కదండీ. ఒక్కరికైనా ఎందుకు చెప్పలేదు?" విలేకరి అలవాటు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత సంచిలోంచి ఎర్ర పెన్ను తీశారు.

వరండాలో ఆమె మరిది సుందరరావు గారు మా అటెండరుతో మాట్లాడుతున్నారు. ఆయన చర్చి పెద్దల్లో ఒకరు. మాటలు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. "మా వదినంటే హెడ్మాస్టరుకే హడలండి బాబూ! అలాంటి మనిషిని ఫోన్లో ఎవడో కుర్చీలోంచి లేవకుండా చేశాడు, చూడండి."

సుగుణ గారు గొంతు తగ్గించారు. "ఆదివారం సాయంత్రం మొదలైందని చెప్పానండి ఆయనకి. చర్చివాళ్లకీ అంతే. శుక్రవారం నుంచే అని తెలిస్తే ఏమంటారు? మా మధ్య నిలబడి బైబిలు వాక్యం చదివి, ఇంటికెళ్లి దొంగ దగ్గర హాజరు వేయించుకుందనరూ?"

కానీ ఫోన్‌లో కాల్ వివరాలన్నీ ఉన్నాయి. ఆదివారం ఉదయం రెండున్నర గంటల ఖాళీ కూడా ఉంది. దాని సంగతి రాయకపోతే ఫిర్యాదు మొత్తాన్నీ అనుమానిస్తారని చెప్పాను.

"అయితే డబ్బు పోనివ్వండి" అన్నారు.

కాగితాలు పక్కన పెట్టాను. "నేను అడిగింది తప్పండి. ఎందుకు చెప్పలేదో వద్దు. ఏం జరిగిందో చెప్పండి."

ఎర్ర పెన్ను సంచిలో పెట్టేసి మొదలుపెట్టారు. "ఆ ఫోన్లోవాణ్ని పర్మిషన్ అడిగానండి, స్కూల్లో అడిగినట్టే. ఈ వారం వాక్యం చదివే వంతు నాది సార్, రెండున్నర గంటలు పర్మిషన్ కావాలన్నాను. ఇచ్చాడు. ఫోన్ వెంట ఉండాలి, ఎవరితో ఏం మాట్లాడినా మాకు వినపడుతుందన్నాడు. థాంక్యూ సార్ అన్నానండి."

"చర్చిలో?"

"ఎప్పుడూ బ్యాగు బెంచీ మీద పెట్టేసి ముందుకెళ్తాను. ఆ రోజు భుజానికే ఉంచుకుని చదివాను. ఫోను అందులోనే ఉంది కదండీ. పదకొండున్నరకి వస్తానని మాటిచ్చాను. పదకొండూ ఇరవైకే ఇంట్లో ఉన్నాను. పర్మిషన్ టైము దాటితే హాఫ్ డే లీవు పోతుంది కదా!" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

కొత్త కాగితం ఆమె వైపు జరిపాను. ఈసారి ఆమే రాశారు, నల్లబల్ల మీది అక్షరాల్లాగా గుండ్రంగా. పర్మిషన్, బ్యాగు, పదకొండూ ఇరవై, ఏదీ వదల్లేదు. సంతకం పెట్టారు.

మర్నాడు స్టేషన్‌లో రైటరు, అంటే కేసులు రాసే కానిస్టేబుల్, దాన్ని పైకి చదివాడు. సుందరరావు గారు పక్కనే ఉన్నారు. శుక్రవారం అన్న మాట దగ్గర వదిన వైపు చూశారు. బ్యాగు దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నారు.

"నేను చూశాను వదినా, బ్యాగు భుజాన ఉండటం" అన్నారు. "మర్చిపోయారేమో అనుకున్నాను. నేనైనా అడగలేదు."

ఆ తర్వాత మా గదిలో నేను ఎవరినీ 'ఎందుకు చెప్పలేదు' అని అడగలేదు. ఎవరికీ చెప్పుకోలేని స్థితికి మనిషిని తేవడంతోనే ఆ నేరం మొదలవుతుంది. ఈ మాత్రం తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు బయట ఎలాగూ ఉన్నారు.

లియన్‌లో ఉన్న డబ్బు విడుదలకు కోర్టు ఉత్తర్వు ఇంకా రాలేదు. మోకాళ్ల ఆపరేషన్ జరగలేదు. చర్చి నోటీసు బోర్డు మీద, వాక్యం చదివేవాళ్ల వరుసలో సుగుణ గారి పేరు ఇప్పటికీ ఉంది. ఆమె వంతు వచ్చిన ఆదివారం సుందరరావు గారు కాసేపు ఆగి, ఆమె లేవకపోతే తానే లేచి చదువుతున్నారు.